తీగ లేని కుచ్చు

ధాన్యం కుచ్చు మంచిదో కాదో తేలాలంటే ముందు దాని అందం చూడకూడదు. తలకిందులుగా పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించాలి. అయిదారు గింజలు రాలితే సరే. గుప్పెడు రాలితే మాత్రం అల్లినవాడి చెయ్యి ఇంకా తిరగలేదన్నమాట. మా ఊళ్లో కుచ్చుల తాత పెట్టిన పరీక్ష ఇది. ఎవరు తెచ్చిచ్చినా ముందు విదిలించేవాడు, ఆ తర్వాతే కళ్లజోడు సవరించుకుని అల్లిక చూసేవాడు. తన కుచ్చుని ఎవరైనా విదిలిస్తానంటే మాత్రం నవ్వి, ‘కానియ్యి అబ్బాయ్’ అనేవాడు. చిన్నప్పుడు ఎన్నిసార్లు విదిలించానో లెక్కలేదు. ఏరుకుందామంటే కింద గింజ ఉండేది కాదు.

గౌతమికీ వైనతేయానికీ మధ్యనున్న పల్లె మాది. ఆశ్వయుజం పోయి కార్తీకం ముదిరేసరికి సార్వా చేలు పసుపు తిరుగుతాయి. అప్పటికి వీధి గుమ్మం మీద దసరాకి కట్టిన మామిడాకులు ఎండి గలగలలాడుతుంటాయి, బంతిపూలు నల్లబడి దారానికి అంటుకుని ఉంటాయి. వాటిని పీకేసి ఆ మేకుకే కొత్త వడ్ల కుచ్చు తగిలిస్తేనే ఇంటికి పంటొచ్చినట్టు. వరి వెన్నుల్ని కాడలతో సహా తీసి, జడలా అల్లి, ఆ జడని చుట్ట చుట్టి వేలాడదీసే గుత్తి అది. కొన్ని ఊళ్లలో కుంచె అంటారు. మా వీధిలో కుచ్చు లేని వసారా ఉండేది కాదు. శివాలయం మండపంలో అయితే నాలుగు స్తంభాల దగ్గరా నాలుగు. పూర్తిగా తెల్లారకముందే పిచ్చుకలు దిగేవి. కుచ్చుకి తలకిందులుగా వేలాడి గింజ లాగి, ముక్కులో అటూ ఇటూ దొర్లించి, ఊక మా గడప మీద వదిలి, బియ్యపు గింజ మింగేవి. అప్పుడే ముగ్గు వేసిన చోట ఊక పడిందని మా అమ్మ రోజూ విసుక్కునేది. ఏటా ‘ఇంకా కుచ్చు తేలేదేంరా’ అని మొదట అడిగేదీ ఆవిడే.

దీనికయ్యే ఖర్చు చెబితే నవ్వుతారు. రెండు వందల యాభై వెన్నులతో దిట్టమైన కుచ్చు తయారవుతుంది. అందులో గింజ ముప్పాతిక కిలోకి అటూ ఇటూగా ఉంటుంది. 2025-26కి సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు. అంటే కుచ్చులోని గింజ విలువ పద్దెనిమిది రూపాయలు. కాడకి వెల లేదు, కొబ్బరి ఈనె పెరట్లో దొరుకుతుంది. పండగ ముందురోజు బజారులో మూర బంతిపూలు అడిగి చూడండి, తేడా తెలుస్తుంది.

ఇంత చవకైన వస్తువులో ఇంత పనితనం ఎలా ఇమిడిందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఒక కోతల కాలంలో తాత కల్లంలో కుప్పలకి కావలి పడుకున్నాడు. కరెంటు లేదు, వెన్నెలా లేదు. నిద్ర పట్టక పక్కనున్న వెన్నులు తీసుకుని చీకట్లో వేళ్ల గుర్తుతోనే అల్లుకుంటూ కూర్చున్నాడు. పొద్దున్నే మా నాన్న ఆ జడని వెలుగులో చాపి చూశారు. నాలుగు మూరల జడలో ఒక్క పాయా తప్పలేదు. తప్పకపోవడం ఒక ఎత్తు. మొదటి మూర ఎంత బిగువుగా ఉందో చివరి మూరా అంతే బిగువుగా ఉండటం ఇంకో ఎత్తు. మనం నాలుగు మూరలు అల్లితే మధ్యలో వేళ్లు అలిసిన చోటు, మధ్యలో కాఫీకి లేచిన చోటు జడే చెప్పేస్తుంది. ఇంకో ఏడు ఆలయానికని నా ఎత్తు కుచ్చు కట్టాడు, తొమ్మిది అంతరువులది. దాన్ని పొరుగూరి నుంచి సైకిలు మీద తెచ్చారు. ఒకాయన తొక్కుతుంటే వెనక తాత దాన్ని పసిబిడ్డలా ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చున్నాడు. శివరాత్రి దాకా అది మండపంలో ఉంది. గింజలన్నీ పిట్టల పాలయ్యాయి గానీ అల్లిక ఒక్క చుట్టు జారలేదు.

1996 నవంబరు 6న తుపాను మా కోనసీమ మీద పడింది. నేను డిగ్రీలో ఉన్నాను. కొబ్బరి తోటలు నేలకొరిగాయి, కోతకొచ్చిన సార్వా నీళ్లలో పడుకుంది. నీరు తీశాక చూస్తే వెన్నుల మీదే మొలకలు. ఆ ఏడు కుచ్చు మాట ఎవరెత్తుతారు? తాతే ఎత్తాడు. గట్టు పక్క మెరక మడిలో నిలబడిపోయిన నలభై వెన్నులు ఏరుకొచ్చి, పిడికెడు కుచ్చు అల్లి శివాలయంలో కట్టాడు. ఏటా నాలుగు వేలాడే మండపంలో ఆ ఒక్కటే. ‘ఇప్పుడెందుకు తాతా’ అంటే, ‘పిట్టలకి మాత్రం తుపాను రాలేదా ఏంటి’ అన్నాడు. దగ్గరికెళ్లి చూశాను. చిన్నదే గానీ అల్లికలో ఎక్కడా రాజీ పడలేదు.

ఇక పని సంగతి. వెన్ను తీయడంలోనే సగం విద్య ఉంది. గింజ పసుపు తిరిగి, కాడ ఇంకా పచ్చగా ఉన్నప్పుడు తీయాలి. చేను మొత్తం కోతకి రావడానికి నాలుగైదు రోజుల ముందన్నమాట. గింజలో ఇంకా పాలుంటే ఎండాక తాలైపోతుంది. మరీ పండనిస్తే కాడ పెళుసెక్కి వంచగానే విరుగుతుంది. మంచు ఆరకముందే మడిలో దిగితే కాడ మెత్తగా మాట వింటుంది. తాత కొడవలి ముట్టుకునేవాడే కాదు. వెన్ను కింద చివరి ఆకు ఉంటుంది చూశారూ, పోటాకు, దాని తొడుగుని ఎడమ చేత్తో పట్టుకుని, వెన్ను మెడని కుడి చేత్తో మెల్లగా పైకి లాగేవాడు. లోపల కణుపు దగ్గర టుప్పుమని తెగి, నున్నటి కాడ తొడుగులోంచి జారి వచ్చేది. కణుపు లేని, తొడుగు లేని ఆ కాడే కుచ్చుకి ప్రాణం. కొడవలితో కోసినదానికి కణుపు మిగిలిపోతుంది. కణుపున్న చోట జడ ఉబ్బుతుంది, విరిగితే అక్కడే ముందు విరుగుతుంది. నూరు వెన్నులు లాగేసరికి చూపుడువేలి పక్కన కాడ ఒరుసుకుని గీత పడుతుంది. ఆ గీత చూసి తాత ఎవరు లాగారో, ఎవరు కోసుకొచ్చి లాగామని అబద్ధం చెబుతున్నారో పట్టేసేవాడు.

మందు కొట్టిన మడి జోలికి పోకూడదు. గట్టు వార, మందు తగలని వెన్నులే తీయాలి. తినబోయేది పిట్ట.

తెచ్చిన వెన్నుల్ని కాడ పొడవుని బట్టి మూడు కట్టలుగా వేరు చేసుకుని, కాడలు మాత్రం మునిగేలా పావుగంట నీళ్లలో నిలబెట్టి, ఆ తర్వాత తడి గోనెపట్టాలో చుట్టిపెట్టాలి. వెన్నులు తడవకూడదు, తడిస్తే బూజో మొలకో. కాడలు మరీ నానినా ముప్పే. ఉబ్బిన కాడ అల్లేటప్పుడు బిగువుగానే ఉన్నట్టు మోసం చేస్తుంది. ఆరాక సన్నబడి, వారం తిరక్కుండా కుచ్చు జారి వేలాడుతుంది. కొత్తవాళ్లందరూ ఇక్కడే దెబ్బతింటారు. నేను మూడేళ్లు తిన్నాను.

అల్లిక మూడు వెన్నులతో మొదలు. మెడలు మూడూ ఒకచోట కలిపి పట్టుకోవాలి. వెన్నులు కిందికి వేలాడాలి, కాడలు పక్కకి, అల్లేవాడి కుడి చేతి వైపుకి, పరుచుకోవాలి. ఇక మామూలు మూడు పాయల జడే. అయితే పెళ్లికూతురికి పూలజడ వేసేటప్పుడు పాయ తిప్పిన ప్రతిసారీ ఓ పువ్వు దూర్చినట్టు, ఇక్కడ పాయ మీదికి వచ్చినప్పుడల్లా ఓ కొత్త వెన్ను దానికి జత కలుస్తుంది. దాని కాడ పాయలో కలిసిపోతుంది, వెన్ను మాత్రం కిందికి వేలాడుతుంది. పాత కాడ అయిపోయేలోపే కొత్త కాడ అందుకుంటుంది కాబట్టి జడ ఎన్ని మూరలు సాగినా ఎక్కడా ముడి పడదు. వీపు వైపు పొడుచుకొచ్చిన కాడ కొసల్ని చివర్లో కత్తిరిస్తే చాలు. చేతి వేగం కంటే బొటనవేలి నొక్కు ముఖ్యం. కొత్త కాడ చేరిన ప్రతిసారీ బొటనవేలు జడ మీద ఒక్క క్షణం ఆగాలి. తాత బొటనవేలు ఆగినట్టే కనపడేది కాదు, అయినా ఆగేదని అల్లిక చూస్తే తెలిసేది.

జడ పూర్తయ్యాక దాన్ని చుట్ట చుడతారు. లోపలి మొదటి చుట్టు వేలు లావున. తర్వాతి ప్రతి చుట్టునీ లోపలిదానికంటే గోరంత పైకి జరుపుతూ పోతే వెన్నులు అంతరువులుగా దిగి, అడుగున మొగ్గలాగా ముక్కు తేలుతుంది. చుట్లు జారకుండా కొబ్బరి ఈనె అడ్డంగా గుచ్చాలి. రెండు ఈనెలు, ఒకదానికొకటి అడ్డంగా. అంతకుమించి వద్దు. మిగిలిన కాడల్ని రెండు పాయలుగా పురిపెట్టి పైన చెవి తీసి, అరటినారతో నీడన వేలాడదీసి నాలుగు రోజులు ఆరనివ్వాలి. ఎండలో పెడితే తొందరగా ఆరుతుంది, తొందరగానే రాలుతుంది.

తీగ లేదు, జిగురు లేదు, దారం లేదు. దీన్ని మించిన శాస్త్రం ఇందులో ఇంకోటి లేదు.

గోదావరి అవతల మా మేనమామ వాళ్ల ఊళ్లో దీన్ని చుట్ట చుట్టరు. జడని జడగానే తోరణంలా గుమ్మానికి అడ్డంగా కడతారు. చూడ్డానికి బాగుంటుంది. అంతకంటే నేనేం చెప్పినా మా మేనమామతో గొడవ. కానీ పిచ్చుక వేలాడటానికి పట్టు ఎక్కడుంటుందో, గాలొస్తే గింజ ఎందులో నిలుస్తుందో ఎవరికి వారు కట్టి చూసుకోవచ్చు.

ఎప్పటి నుంచి ఉందీ ఆచారం? అన్నపూర్ణమ్మవారు వచ్చి గుమ్మంలో కూర్చోవడమేనని మా అమ్మమ్మ అనేది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవ నీళ్లు పారి వెన్నులు బలిశాయనీ, కుచ్చులు కూడా అప్పుడే బలిశాయనీ తాత చెప్పేవాడు. అది ఆయనకెలా తెలుసో మేం అడగలేదు. వరి పండే చోటల్లా ఏదో ఒక రూపంలో ఇది ఉంది. ఒరియా ఇళ్లలో మార్గశిర గురువారాల లక్ష్మీపూజకి వడ్ల వెన్నులు జడలల్లి కడతారు. కేరళలో ఇల్లం నిరకి కొత్త వెన్నులు ఇంటికి, గుడికి తెచ్చుకుంటారు. కొడగులో పుత్తరి పండగనాడు కొత్త వెన్నులు కోసుకొచ్చి, ఆకులతో కలిపి ఇంట్లో కట్టుకుంటారు. ఇంగ్లండు పల్లెల్లో గోధుమ చేను చివరి పనతో బొమ్మలల్లిన రోజులున్నాయి. అన్నీ గొప్పవే. పిట్ట కడుపుని లెక్కలోకి తీసుకుని అంతరువు కట్టింది మాత్రం మా తాతలే అని నా నమ్మకం. నమ్మకానికి రుజువు అడక్కండి.

ఇప్పుడు మా వీధిలో కుచ్చు రెండిళ్లకే ఉంది. అందులో ఒకటి మాది.

మొదటి కారణం అందరికీ తెలిసిందే, కోత మిషను. అది ఒకవైపు నుంచి కోస్తూ అక్కడికక్కడే నూర్చి వడ్లు ట్రాక్టరులో పోసేస్తుంది, గడ్డి వెనక చిందరవందరగా పడుతుంది. మధ్యలో వెన్ను అనేది ఎవరి చేతికీ రాదు. పన కట్టేవాళ్లు లేరు, కుప్ప వేసేవాళ్లు లేరు, కల్లంలో కావలి పడుకునే తాతలూ లేరు. కూలీలు దొరకని రైతుని మిషను మానమనడానికి నాకు నోరు రాదు. రెండోది వంగడం. మొలగొలుకులు, అక్కుళ్లు లాంటి పాత పొడుగు రకాల్లో కాడ బారుగా వచ్చేది, అల్లడానికి పట్టు ఉండేది. మారుటేరులో పుట్టి 1982లో విడుదలైన స్వర్ణ పొట్టి రకం, గాలికి పడిపోకుండా అలా చేశారు. కోట్లమందికి అన్నం పెట్టిన గింజని నేనేం తిట్టను. స్వర్ణతోనూ కుచ్చు వస్తుంది, జడలో వెన్నులు మరికాస్త దగ్గరగా చేర్చుకుంటూ పోవాలి, అంతే. తాత అది కూడా చేసి చూపించి పోయాడు. కాబట్టి వంగడం మార్చారు అనేది సాకు.

నాకు ఒళ్లు మండేది ఈ రెండింటి మీదా కాదు. కిందటి దీపావళికి ముందు ‘సంప్రదాయ వరి కుచ్చు’ అని ఫోన్లో బొమ్మ చూసి ఒకటి తెప్పించాను, అయిదు వందల పైచిలుకు పోసి. అట్టపెట్టె విప్పగానే వార్నిష్ వాసన. వెన్నుల మీద బంగారు రంగు చల్లారు. చుట్ట విప్పి చూద్దును కదా, లోపల ఇనుప తీగ చట్రం, దాని మీద పేపరు, పేపరుకి జిగురు తుపాకీతో ఒక్కో వెన్నూ అతికించారు. అల్లిక అన్న మాటే లేదు. పైన సిల్కు రిబ్బను, పక్కన ప్లాస్టిక్ పిచ్చుక ఒకటి! నిజం పిచ్చుక తింటే చచ్చే గింజ మీద ప్లాస్టిక్ పిచ్చుకని కూర్చోబెట్టినవాడికి చెయ్యెత్తి మొక్కాలి. దాన్ని తలకిందులు చేసి విదిలించాను. ఒక్క గింజా రాలలేదు. తాత పరీక్షలో జిగురు పాసైంది! అప్పట్నుంచి ఆ పరీక్షకి నేనో షరతు చేర్చుకున్నాను: ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడాలి. ఎండుగడ్డి వాసన రాకపోతే విదిలించే పని కూడా పెట్టుకోవద్దు.

ఇంకో ముచ్చట, మార్చి 20. 2010 నుంచి ఆ రోజు ప్రపంచ పిచ్చుకల దినోత్సవం. బడిపిల్లల చేత కుచ్చులు పట్టించి ఫొటోలు తీస్తారు, మంచిదే. పిల్లల చేతిలో కుచ్చు చూస్తే నాకూ సంతోషమే. కానీ మార్చిలో అల్లడానికి వెన్నులేవి? సార్వా కోసి మూడు నెలలు దాటింది, దాళ్వా ఇంకా చేలో పచ్చగా ఉంది. ఎక్కడో దాచిన ఎండు వెన్నుల్ని పురికొసతో గుత్తి కట్టి ‘కుచ్చు’ అంటున్నారు. అది పొరక. కార్తీకంలో ఆ పిల్లల్నే మడి గట్టుకి తీసుకెళ్లి ఒక్కొక్కరి చేత పది వెన్నులు లాగించి, మూడు పాయలు తిప్పించండి. ఫొటో మార్చిలోనే తీసుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

నేర్చుకునేవాళ్లు లేరన్న మాట కూడా నేనొప్పుకోను. మా అక్క కూతురు న్యూజెర్సీలో ఉంటోంది. అక్కడ ఆకులు ఎర్రబడే రోజుల్లో వీధి తలుపులకి గుండ్రటి దండలు తగిలిస్తారట, ఎండుటాకులూ మొక్కజొన్న పొత్తులూ చిన్న గుమ్మడికాయలూ పెట్టి. ‘మామయ్యా, మనదొక కుచ్చు పంపించవా’ అని అడిగింది. వడ్లు ఆ దేశంలోకి తీసుకెళ్లనివ్వరు, పురుగు భయం. వీడియో కాల్లో నేర్పుతానన్నాను. బజారులో ఎండు గోధుమ కాడలు వెన్నులతో సహా దొరికాయంది. ఎండువి కాబట్టి కాడల్ని గోరువెచ్చటి నీళ్లలో అరగంట పైన పెట్టమన్నాను. మొదటిసారి తీగ మీద కట్టి చూపించింది. విప్పించాను. రెండోసారి విరిగింది. మూడోసారి జడ నిలబడింది. చుట్ట చుట్టేంత పొడవు లేక, రెండు కొసలూ కలిపి వలయం చేసి తలుపుకి తగిలించింది. వెన్నులు చుట్టూరా బయటికి సూర్యకిరణాల్లా ఉన్నాయి. గుండ్రం కుచ్చు మా సంప్రదాయంలో లేదు. తీగ లేదు కదా, ఒప్పుకున్నాను. మన అపార్ట్‌మెంట్లకీ అదే సరిపోతుంది, ఇనుప గ్రిల్లుకి చుట్ట కుచ్చు తగిలిస్తే తలుపు తీసినప్పుడల్లా నలుగుతుంది. అక్కడి పిచ్చుకలు కూడా మన ఊరపిచ్చుక జాతే, పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు నుంచి పట్టుకెళ్లి వదిలారు. వారం తర్వాత ఫోన్ చేసి, ‘మామయ్యా, గుమ్మమంతా పొట్టు, ఊడ్వలేక చస్తున్నా’ అంది. అచ్చం మా అమ్మ గొంతు.

కుచ్చులకోసం సంఘాలు పెట్టమనో, ప్రభుత్వం ఆదుకోవాలనో నేనడగను. వరి పండించే ప్రతి అన్నకీ, బావకీ నాదొకటే మనవి. ఈ సార్వాకి మిషను పిలిచే ముందు గట్టు వార రెండు గజాల పొడవున ఒక బారు వదిలేయించండి. మందు కొట్టేటప్పుడే ఆ బారు తప్పించండి. కోతకి నాలుగు రోజుల ముందు ఇంట్లో పిల్లల్ని తీసుకుని పొద్దున్నే వెళ్లి, కొడవలి లేకుండా, వెన్ను మెడ పట్టుకుని లాగి చూపించండి. ఆ టుప్పుమనే చప్పుడు ఒకసారి విన్న పిల్లాడు రెండోది తనే లాగుతాడు. అల్లడం చేతకాకపోతే అలాగే పట్టుకొచ్చి ఏ మడతమంచం మీదో కూర్చున్న ముసలాయన ముందు పెట్టండి, ఏ ఊళ్లోనైనా ఒకరు మిగిలే ఉంటారు. ఆ బారు వదలమని డ్రైవరుకి మాత్రం మిషను గట్టు మీద ఉండగానే చెప్పండి. దిగాక ఆ మోతలో వినపడదు.